పిలవగానే కుక్క పరిగెత్తుకు రావాలంటే ఏం చేయాలి?

గేటు తెరిచి ఉందని నేను గమనించేలోపే మా రాణి వీధి మలుపు దాటేసింది. అప్పటికి దానికి ఎనిమిది నెలలు. మా కాలనీలోనే పుట్టిన ఊరకుక్క పిల్ల, తెచ్చుకుని పెంచుతున్నాం. "రాణీ, రాణీ" అని అరుస్తూ వెనకాలే పరిగెత్తాను. నేను పరిగెత్తిన కొద్దీ అది ఇంకా ముందుకు పోయింది. దానికి అదో ఆట. పావుగంట తర్వాత తనంతట తానే తోక ఊపుకుంటూ నా దగ్గరికి వచ్చింది. భయం, కోపం కలిసి చేతులు వణుకుతున్నాయి నాకు. ఒక్కటి వేసి, ఇంటికి లాక్కొచ్చి కట్టేశాను.

ఆ తర్వాత నెల రోజుల పాటు ఎప్పుడు పిలిచినా నాలుగడుగుల దూరంలో ఆగిపోయి నా చేతుల వైపే చూసేది. పారిపోయినందుకు కొట్టానని నేను అనుకున్నాను. దాని లెక్క వేరు. అది చేసిన ఆఖరి పని నా దగ్గరికి రావడం. దెబ్బ పడింది రావడానికే.

రాణికి పిలుపు మళ్లీ మొదటి నుంచి నేర్పాల్సి వచ్చింది. రెండు నెలలు పట్టింది. అలా నేర్పిన పద్ధతే ఇక్కడ రాస్తున్నాను. దెబ్బ లేదు, అరుపు లేదు. వచ్చిన ప్రతిసారీ కుక్కకు ఏదో ఒక మంచి జరగడం, అంతే.

మొదటి మెట్టు: ఒక మాట ఎంచుకోండి

కుక్క పేరు వేరు, రమ్మనే మాట వేరుగా ఉండాలి. పేరును మనం రోజుకు వందసార్లు వాడతాం. ముద్దు చేసేటప్పుడు, తిట్టేటప్పుడు, పక్కింటివాళ్లతో దాని గురించి చెప్పేటప్పుడు కూడా అదే పేరు. దాంతో పేరు విన్నప్పుడు ఏం చేయాలో దానికి తెలియదు. మేం "దా" అనే మాట పెట్టుకున్నాం. చిన్నది, గట్టిగా సాగదీసి పిలవడానికి వీలైనది. "ఇలా రా" అన్నా పర్వాలేదు కానీ ఇంట్లో పిల్లల్ని, పనిమనిషిని కూడా అదే మాటతో పిలుస్తుంటే కుక్కకు దాని విలువ పోతుంది. అమ్మ ఒకలా, నాన్న ఒకలా, తాతయ్య మరోలా పిలవకుండా అందరూ ఒకే మాట మీద ఉండాలి.

ఇప్పటికే ఒక మాట పాడైపోయి ఉంటే, అంటే పిలిచినా రాని అలవాటు పడిపోయి ఉంటే, దాన్ని బాగుచేసే ప్రయత్నం వద్దు. కొత్త మాట తీసుకోండి. ఈల కూడా బాగా పనిచేస్తుంది. ఈలలో మన కోపం వినిపించదు.

రెండో మెట్టు: తిండి సిద్ధం చేసుకోండి

రోజూ గిన్నెలో పెట్టే పెరుగన్నం కోసం ఏ కుక్కా ఆట మానేసి రాదు. దానికి అరుదుగా దొరికేది, వాసన గట్టిగా వచ్చేది కావాలి. ఉప్పు, కారం, మసాలా ఏమీ వేయకుండా ఉడికించిన చికెన్ ముక్కలు, కోడి లివర్, ఉడికించిన గుడ్డు, పనీర్. శాకాహార ఇళ్లలో పనీర్, ఉడికించిన చిలగడదుంప చక్కగా సరిపోతాయి. ముక్క శనగ గింజంత ఉంటే చాలు. పెద్ద ముక్క ఒకటి పెట్టడం కన్నా చిన్నవి ఐదు, ఒకదాని తర్వాత ఒకటి పెడితే దానికి పండగ.

ఈ తిండి రోజు మొత్తం తినే దాంట్లో పదో వంతు దాటకూడదు. ట్రైనింగ్ ఎక్కువైన రోజు గిన్నెలో అన్నం ఆ మేరకు తగ్గించండి. ఇంట్లో కూర ముక్కలు మాత్రం పెట్టకండి. ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తకణాలను దెబ్బతీస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, జైలిటాల్ అనే తీపి పదార్థం కలిపిన షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్ వాటికి విషం లాంటివి. ఉడికించిన ఎముకలు చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటాయి.

మూడో మెట్టు: మాటకు విలువ కట్టండి

ఈ మెట్టును చాలామంది వదిలేస్తారు. నాకు మాత్రం అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే.

బిస్కెట్ ప్యాకెట్ చప్పుడు వింటే కుక్క ఏ గదిలో ఉన్నా లేచి వస్తుంది కదా. దానికి ఎవరూ నేర్పలేదు. చప్పుడు తర్వాత ప్రతిసారీ తిండి వచ్చింది కాబట్టి ఆ రెండూ దాని మనసులో కలిసిపోయాయి. జీర్ణక్రియ మీద పరిశోధనకు 1904లో నోబెల్ బహుమతి అందుకున్న రష్యన్ శాస్త్రవేత్త పావ్లోవ్, తన ప్రయోగశాల కుక్కల్లో గమనించింది ఇదే. తిండి పెట్టే మనిషి రాగానే, గిన్నె ఇంకా కనిపించకముందే, వాటి నోట్లో నీళ్లూరేవి. "దా" అనే మాట కూడా ఆ బిస్కెట్ ప్యాకెట్ చప్పుడులా మారాలి.

ఫ్యాన్ చప్పుడు తప్ప వేరే సందడి లేని గదిలో కుక్క పక్కనే కూర్చోండి. "దా" అనండి, వెంటనే నోటికి ముక్క అందించండి. అది ఏమీ చేయనక్కర్లేదు. రావాల్సిన పని కూడా లేదు, పక్కనే ఉంది కదా. ముందు మాట, తర్వాత ముక్క. ఈ వరుస తారుమారు కాకూడదు. చేతిలో ముక్క ముందే చూపించి పిలిస్తే అది ముక్కకు వస్తుంది కానీ మాటకు రాదు. ఒక్కోసారి పది ముక్కలు, రోజుకు రెండు మూడు సార్లు, నాలుగైదు రోజులు ఇలాగే. మీరు "దా" అనగానే అది చటుక్కున తల తిప్పి మీ మొహం వైపు చూస్తే మాట అతుక్కున్నట్టే.

నాలుగో మెట్టు: అడుగులు వేయించండి

ఇప్పుడు రెండు మూడు అడుగుల దూరం నుంచి పిలవండి. అది మీ వైపు తిరిగిన క్షణంలోనే "శభాష్" అనండి, వచ్చాక ముక్క పెట్టండి. మెచ్చుకోవడం ఆలస్యమైతే దేనికి మెచ్చుకున్నారో దానికి అర్థం కాదు. ఒకటి రెండు సెకన్లే ఉంటాయి మీ చేతిలో. వస్తూ వస్తూ మధ్యలో ఆగిపోతే ముందుకు వెళ్లకండి. వెనక్కి తిరిగి రెండడుగులు పరిగెత్తండి. వెంటపడటం కుక్కల స్వభావం, దాన్ని మన వైపు వాడుకోవాలి.

పిల్లలున్న ఇంట్లో దీన్ని ఆటగా మార్చవచ్చు. ఒకరు హాల్లో, ఒకరు వంటగదిలో నిలబడి వంతులవారీగా పిలవాలి. ఎవరి దగ్గరికి వస్తే వాళ్లు ముక్క పెడతారు. ఐదు నిమిషాలు చాలు. అది ఇంకా కావాలన్నట్టు చూస్తున్నప్పుడే ఆపేయండి. విసుగొచ్చి పక్కకు పోయేదాకా సాగదీయవద్దు.

ఇక్కడే మరో చిన్న అలవాటు చేయండి. వచ్చాక ఒక చేత్తో మెడ బెల్టు మెల్లగా పట్టుకుని, రెండో చేత్తో ముక్క పెట్టండి. చాలా కుక్కలు వస్తాయి, కానీ చేయి మెడ వైపు వెళ్లగానే తప్పించుకుంటాయి. రోడ్డు మీద అవసరం పడినప్పుడు వచ్చి లాభం లేదు, పట్టుకోనివ్వాలి.

ఊరకుక్కను తెచ్చుకున్నవారు ఇది గమనించాలి

వీధిలో కుక్క మీదికి వస్తుంటే చాలామంది రాయి తీస్తున్నట్టు వంగుతారు. చేతిలో రాయి లేకపోయినా సరే, అది దూరం పారిపోతుంది. అంటే వీధిలో కొన్నాళ్లు బతికిన కుక్కకు మనిషి వంగడం అంటే రాయి పడబోతోందని అర్థం. మనమేమో ప్రేమగా పిలుస్తూ దాని వైపు వంగి, చేయి చాపుతాం. మనం ఆహ్వానిస్తున్నాం అనుకుంటాం. దానికి బెదిరింపుగా కనిపిస్తుంది.

అందుకే అలాంటి కుక్కను పిలిచేటప్పుడు నిటారుగానైనా ఉండండి, లేదా పక్కకు తిరిగి గొంతుక్కూర్చోండి. కళ్లలోకి సూటిగా చూడకండి. తల మీద చేయి వేయకుండా గడ్డం కింద, ఛాతీ మీద నిమరండి. చేతిలోంచి తీసుకోవడానికి జంకితే ముక్కను మీ కాలి దగ్గర నేల మీద పెట్టండి. రాణి విషయంలో నేను పది రోజుల పాటు ముక్క నేల మీదే పెట్టాను. పదకొండో రోజు తనే వచ్చి అరచేతిలోంచి తీసుకుంది. ఆ తడి ముక్కు స్పర్శ నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఐదో మెట్టు: పొడవాటి తాడుతో బయటకు

ఇంట్లో పదికి తొమ్మిదిసార్లు వస్తోందా? ఇక బయటకు వెళ్లవచ్చు, కానీ విడిచిపెట్టి కాదు. ఎనిమిది నుంచి పది మీటర్ల నైలాన్ పట్టీ తీసుకుని ఛాతీకి వేసే హార్నెస్‌కు కట్టండి. మెడ బెల్టుకు కడితే, పరిగెత్తి ఒక్కసారిగా ఆగినప్పుడు మెడకు దెబ్బ తగులుతుంది. తాడు మీ చేతికి చుట్టుకోకండి. జారితే చర్మం కోసుకుపోతుంది. ఈ తాడు ఉన్నది దాన్ని లాక్కురావడానికి కాదు, అది రోడ్డు మీదికి పోకుండా ఆపడానికి మాత్రమే.

గోడ ఉన్న ఖాళీ స్థలమో, ఆటలు మొదలవని స్కూల్ గ్రౌండో అడిగి చూడండి. డాబా మీద చేసేవాళ్లుంటారు. పిట్టగోడ తక్కువ ఎత్తుంటే దయచేసి వద్దు, పావురం వెంట దూకేసే ప్రమాదం ఉంది. ఎండాకాలంలో పొద్దున్నే, ఆరు గంటలకల్లా ముగించేయండి. అరచేతి వెనక వైపు నేలకు ఐదు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలు కూడా ఆ నేల మీద కాలుతాయి.

బయట వాసనలు, వేరే కుక్కలు, కోళ్లు, చెత్తకుప్పలు ఉంటాయి. ఇంట్లో వచ్చే కుక్క ఇక్కడ చెవిటిదానిలా ఉంటే మొండితనం అనుకోకండి. దానికి పాఠం కొత్తగా ఉంది, అంతే. మళ్లీ మూడడుగుల దూరం నుంచి మొదలుపెట్టండి. వేరే కుక్క కనిపిస్తే, దాన్ని చూసి కూడా మీ మాట వినగలిగేంత దూరం జరగండి. ఆ దూరం రోజురోజుకూ కొద్దికొద్దిగా తగ్గించండి. రాదని మీకే అనిపిస్తున్నప్పుడు పిలవకండి. వరుసగా రెండుసార్లు రాకపోతే ఆ రోజుకు పాఠం కష్టమైందని అర్థం. వెనకటి మెట్టుకు రండి. "దా, దా, దా, దా" అని పదిసార్లు అంటే, పదోసారి వస్తే చాలని అది నేర్చుకుంటుంది.

వచ్చాక మళ్లీ వదిలేయండి

పార్కులో పిలిచిన ప్రతిసారీ లీష్ తగిలించి ఇంటికి తీసుకొచ్చేస్తే, "దా" అంటే ఆట అయిపోయిందని దానికి తెలిసిపోతుంది. అందుకే పదిసార్లు పిలిస్తే తొమ్మిదిసార్లు ముక్క పెట్టి, "పో, ఆడుకో" అని తిరిగి పంపండి. అన్నం తింటే ఆడుకోవచ్చని పిల్లలకు అమ్మలు చెప్పేది కూడా ఇదే సూత్రం. కొన్ని కుక్కలకు తిండికన్నా ఆ చెట్టు మొదలు వాసన చూడటమే పెద్ద బహుమతి. దాన్నే ఇవ్వండి.

స్నానానికి, గోళ్లు కత్తిరించడానికి, మాత్ర వేయడానికి "దా" అని పిలవవద్దు. మీరే దాని దగ్గరికి వెళ్లి తీసుకురండి. తప్పించుకుని పోయి గంట తర్వాత వచ్చినా సరే, కోపం మింగి ముక్క పెట్టండి. ఇది చెప్పినంత తేలిక కాదని నాకు తెలుసు. గేటు ఎందుకు తెరిచి ఉందో ఇంట్లోవాళ్లతో తర్వాత మాట్లాడుకోవచ్చు.

ముక్కలు ఎప్పటిదాకా?

బాగా అలవాటయ్యాక ప్రతిసారీ పెట్టక్కర్లేదు. ఒకసారి ముక్క, ఒకసారి నిమరడం, ఒకసారి బంతి, ఎప్పుడో ఒకసారి ఏకంగా ఐదు ముక్కలు. ఈసారి ఏం దొరుకుతుందో తెలియకపోతే అది ఇంకా ఆత్రంగా వస్తుంది. పూర్తిగా మాత్రం ఎప్పుడూ ఆపకండి. వేరే కుక్కను వదిలేసి వచ్చినప్పుడు, పిల్లి వెంట పరుగు మధ్యలో ఆపి వచ్చినప్పుడు జేబులో ఉన్న మంచి ముక్క తప్పకుండా ఇవ్వాలి.

ఆరేడు నెలల వయసు దాటాక, అప్పటిదాకా చక్కగా వచ్చిన పిల్ల ఒక్కసారిగా మాట విననట్టు కనిపించవచ్చు. వయసు ప్రభావం అది. తాడు మళ్లీ కట్టి, నాలుగో మెట్టు నుంచి ఓపిగ్గా వెళ్లండి. ముసలి కుక్క రావడం మానేస్తే ముందు చెవులు పరీక్ష చేయించండి. వినికిడి తగ్గితే చేతి సైగతో ఇదే పద్ధతిలో నేర్పవచ్చు.

దీపావళి టపాసుల చప్పుడుకు బెదిరిన కుక్క ఎంత నేర్పినా పిలుపు వినే స్థితిలో ఉండదు. ఆ రోజుల్లో సాయంత్రం కాకముందే బయట తిప్పి తీసుకొచ్చి, తలుపులు వేసి ఉంచండి. మెడ బెల్టుకు మీ ఫోన్ నంబర్ బిళ్ల ఉందో లేదో చూసుకోండి.

రాణికి ఇప్పుడు నాలుగేళ్లు. గ్రౌండ్‌లో అటు చివర ఉన్నా, ఒక్క "దా" అంటే చెవులు వెనక్కి వాల్చి దుమ్ము రేపుకుంటూ వస్తుంది. వచ్చి నా కాళ్ల మధ్య తల దూరుస్తుంది. రోడ్డు పక్కన నడిచేటప్పుడు మాత్రం ఇప్పటికీ లీష్ తీయను.