కంపోస్టు టీ కంపు కొడుతోందా? కారణం ఇదీ, చేయాల్సింది ఇదీ

కంపోస్టు టీ అంటే కంపోస్టు మూటను నీళ్లలో ఉంచి, గాలి పంపుతో బుడగలు ఆడించి తీసే ద్రవం. దాన్ని మొక్కలకు పోస్తాం, చల్లుతాం. నేను వాడే కొలత: 20 లీటర్ల బకెట్ నీళ్లు, పలచటి గుడ్డలో మూటకట్టిన కిలో వర్మీకంపోస్టు, 50 గ్రాముల బెల్లం. చేపల తొట్టిలో పెట్టే గాలి పంపు 24 గంటలు ఆడాలి. మామిడి, సపోటా, గోడవారన నందివర్ధనం, అన్నిటికీ ఇదే.

సమస్య: కుళ్లిన గుడ్ల కంపు

ఎక్కువమందికి ఎదురయ్యేది ఇదే. బాగా తయారైన టీకి తొలకరి మట్టి వాసన ఉంటుంది. కంపు వచ్చిందంటే నీళ్లలో ఆక్సిజన్ అయిపోయి, గాలి అక్కర్లేని బ్యాక్టీరియా పెరిగిందన్నమాట.

ముందు బెల్లం సంగతి చూడండి. తీపి ఎక్కువైతే సూక్ష్మజీవులు ఒక్కసారిగా పెరిగి, ఉన్న గాలంతా వాడేస్తాయి. "ఇంకో గుప్పెడు వేస్తే బలం" అని నేనూ వేసి, రెండు బకెట్లు పారబోశాను. తర్వాత ఎండ. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరిగితే, 35 డిగ్రీల దగ్గర 7 మాత్రమే కరుగుతుంది. అందుకే మే నెలలో బకెట్‌ని నీడలో పెట్టి, బెల్లం సగానికి తగ్గించి, 18 గంటలకే ఆపేస్తాను. రాత్రి కరెంటు పోయి పంపు చాలాసేపు ఆగిందా, పొద్దున్నే మూత తీసి వాసన చూడండి. బోరు నీళ్లయితే పంపు గొట్టం చివర ఉండే బుడగల రాయికి తెల్లటి పొర పట్టి గాలి తగ్గిపోతుంది. వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టి కడిగితే వదులుతుంది.

కంపు వచ్చిన టీని బాగుచేయాలని చూడకండి. మొక్కలకు దూరంగా ఖాళీ నేలలో పోసి, బకెట్ తోమి ఎండబెట్టండి.

పేడ, గోమూత్రం కలిపి చేసే జీవామృతం వేరు. అది పులియబెట్టేదే కాబట్టి పులుపు వాసన దానికి సహజం. ఆ లెక్క దీనికి పనికిరాదు.

సమస్య: నురగ రాలేదు

కంగారు పడక్కర్లేదు, నురగ నాణ్యతకు కొలత కాదు. వాసన కూడా ఏమీ లేకపోతే మాత్రం మునిసిపాలిటీ నీళ్లలోని క్లోరిన్‌ని అనుమానించండి. నీళ్లు పట్టి మూత లేకుండా ఒక రోజు ఉంచితే చాలావరకు పోతుంది.

సమస్య: స్ప్రేయర్ నాజిల్ మూసుకుపోతోంది

రెండు మడతల పాత పంచెతో వడకట్టండి. స్ప్రేయర్ డ్రమ్ములో అంతకుముందు బోర్డో మిశ్రమం (మైలుతుత్తం, సున్నం కలిపిన తెగుళ్ల మందు) కలిపి ఉంటే, టీకి ఆ డ్రమ్ము అసలు వాడకండి. అందులోని రాగి సూక్ష్మజీవుల్ని చంపేస్తుంది. ఆకుకూరల మీద, పచ్చిగా తినే వాటి మీద నేను చల్లను. కంపోస్టులో చెడ్డ బ్యాక్టీరియా ఉంటే బెల్లం వాటినీ పెంచుతుంది.

సమస్య: నెలలుగా పోస్తున్నా చెట్టులో మార్పు లేదు

ఎక్కడ పోస్తున్నారు? చెట్టు కాండం మొదట్లోనైతే చాలావరకు వృథా. నీళ్లు పీల్చే సన్నటి వేళ్లు ఎక్కువగా కొమ్మల చివర్ల కింద, పైపొర మట్టిలోనే ఉంటాయి. సాయంత్రం ముందు నేల తడిపి, లీటరు టీకి ఐదు లీటర్ల నీళ్లు కలిపి అక్కడ చుట్టూ పోయండి. పంపు ఆపాక నాలుగైదు గంటల్లో వాడేయాలి.

అయినా ఫలితం లేదంటే, టీ నుంచి మీరు ఆశిస్తున్నదే ఎక్కువ కావచ్చు. ఇందులో పోషకాలు కొద్దిగానే ఉంటాయి. ఆకలిగా ఉన్న చెట్టుకు పాదులో పశువుల ఎరువు, పైన ఆకుల మల్చింగ్ కావాలి. లేత ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది సాధారణంగా ఇనుము లోపం. సున్నపు నేలల్లో తరచూ కనిపిస్తుంది. దానికి ఎన్ని బకెట్ల టీ పోసినా లాభం లేదు, మట్టి పరీక్ష చేయించండి.