స్మైల్ డిజైన్: పన్ను అరగదీయడానికి ముందే చేయాల్సిన పని

నవ్వు అందంగా కనిపించేలా పళ్ల ఆకారాన్ని కంప్యూటర్‌లో ముందే గీసుకోవడమే స్మైల్ డిజైన్. విన్నీర్ (పన్ను ముందువైపు అతికించే పలుచని పొర) కోసమైనా క్రౌన్ (పన్ను మొత్తాన్ని కప్పే తొడుగు) కోసమైనా ఒకసారి అరగదీసిన ఎనామెల్ మళ్లీ పెరగదు కాబట్టి, డిజిటల్ ప్రణాళిక వల్ల కలిగే మేలంతా డ్రిల్ చేతపట్టకముందు జరిగే పనిలోనే ఉంది. పుచ్చులు, చిగుళ్ల వాపు ఉంటే ముందు వాటికి చికిత్స చేయాలి. వాచిన చిగురు అంచును ఆధారం చేసుకుని గీసిన డిజైన్, వాపు తగ్గగానే పనికిరాకుండా పోతుంది.

ముఖం ఫొటోలను పెదవులు వదులుగా ఉన్నప్పుడు, నిండుగా నవ్వినప్పుడు, రిట్రాక్టర్‌తో పెదవులు పక్కకు లాగినప్పుడు తీయాలి. ఫోన్‌ను దగ్గరగా పెట్టి తీస్తే ముందుపళ్లు ఉన్నదానికంటే పెద్దవిగా కనిపిస్తాయి కనుక, 85 నుంచి 100 మిల్లీమీటర్ల లెన్స్‌తో కాస్త దూరం నుంచి తీయడం మంచిది. కెమెరా ముందు చాలామంది బిగబట్టి నవ్వుతారు; మాట్లాడిస్తూ తీసిన చిన్న వీడియోలో అసలు నవ్వు దొరుకుతుంది. పళ్లు ఆరితే తెల్లగా కనిపిస్తాయి కాబట్టి రంగు ఎంపికను మొదటే ముగించాలి.

ఆ తర్వాత నోటి లోపల తిప్పే ఇంట్రా ఓరల్ స్కానర్‌తో రెండు దవడలనూ, అవి కలిసే తీరునూ స్కాన్ చేసి, ఫొటోతో జత చేయాలి. స్కాన్‌లో కొలిచిన ముందుపంటి వెడల్పుతో ఫొటో మీది స్కేలును సరిచేయకపోతే, తెరపై కనిపించే మిల్లీమీటర్లకు అర్థం ఉండదు.

డిజైన్‌ను పై ముందుపళ్ల అంచు ముఖంలో ఎక్కడ ఉండాలన్న ప్రశ్నతో ప్రారంభించాలి. ఈ పళ్ల వెడల్పు సాధారణంగా పొడవులో 75 నుంచి 80 శాతం ఉంటుంది. వెడల్పు 8.5, పొడవు 9 మిల్లీమీటర్లు ఉన్న పన్నును 80 శాతానికి తేవాలంటే పొడవు సుమారు 10.6 కావాలి. ఆ అదనపు 1.6 మిల్లీమీటర్లను కిందికి పెంచాలా, చిగురు వైపు పెంచాలా అన్నది సాఫ్ట్‌వేర్ తేల్చదు. పెదవి వదులుగా ఉన్నప్పుడే పన్ను బాగా కనిపిస్తుంటే కిందికి పెంచడం నప్పదు. చిగురు వైపు వెళ్లాలంటే, కొత్త అంచుకూ ఎముకకూ మధ్య దాదాపు 3 మిల్లీమీటర్ల దూరం మిగులుతుందో లేదో ముందే కొలవాలి. మిగలకపోతే చిగురు కోత ఒక్కటే చాలదు, ఎముకను కూడా సవరించాల్సి వస్తుంది. సాఫ్ట్‌వేర్ లైబ్రరీలో సిద్ధంగా ఉండే పళ్ల నమూనాలు మరీ తీరుగా ఉంటాయని, వాటిని యథాతథంగా దించితే కట్టుడుపళ్ల వాలకం వస్తుందని కూడా గుర్తుంచుకోవాలి.

డిజైన్‌ను త్రీడీ ప్రింట్ తీసి, దానిపై సిలికాన్ అచ్చు చేసి, తాత్కాలిక రెసిన్‌తో నోట్లోనే మాకప్ (పళ్లపై వేసి చూసే నమూనా) వేయాలి. ఫ, వ ఉన్న మాటలు పలికించినప్పుడు పై పళ్ల అంచు కింది పెదవిని తేలికగా తాకాలి. దవడను పక్కలకు కదిలించినప్పుడు రెసిన్ విరుగుతుంటే రేపటి పింగాణీకీ అదే గతి. సవరించిన మాకప్‌ను పేషెంట్ అద్దంలో, వీడియోలో చూసి ఒప్పుకున్నాక మళ్లీ స్కాన్ చేయాలి. ఆపైన ఆ మాకప్ మీదుగానే, లోతు గుర్తించే బర్ (డ్రిల్ మొన)తో అవసరమైనంత మేరకే అరగదీసి, అరగదీసిన పళ్లనూ స్కాన్ చేసి, మాకప్ స్కాన్‌తో కలిపి రెండింటినీ ల్యాబ్‌కు పంపాలి.