పరుపు, బెడ్, మ్యాట్రెస్: ఏ మాట ఎక్కడ వాడాలి

మనం 'కొత్త బెడ్ కొన్నాం' అంటే అది మంచం కావచ్చు, దాని మీద వేసేది కావచ్చు, ఇంట్లోవాళ్లకి ఎలాగూ అర్థమైపోతుంది కాబట్టి పట్టించుకోం. ఇంగ్లీషులో మాత్రం బెడ్ అంటే పడక మొత్తం, మ్యాట్రెస్ అంటే దాని మీద పరిచేది ఒక్కటే. అందుకే ఆర్డర్ పెట్టేటప్పుడు, ఫిర్యాదు రాసేటప్పుడు బెడ్ అని వదిలేయకండి. కుంగిపోయింది పరుపైతే, బెడ్ పాడైందని రాస్తే మంచం కోళ్లు చూడ్డానికి వడ్రంగి వస్తాడు. ఆస్పత్రిలో లెక్క వేరు, అక్కడ 'బెడ్లు ఖాళీ లేవు' అంటే రోగికి చోటు లేదని.

మ్యాట్ నుంచే మ్యాట్రెస్ పుట్టిందని నేను చాన్నాళ్లు అనుకున్నా. కాదు! మ్యాట్ లాటిన్ నుంచి వచ్చింది. మ్యాట్రెస్‌కి మూలం అరబ్బీ మాట 'మత్రహ్', అంటే ఏదైనా పడేసే చోటు. అది ఇటాలియన్, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకి చేరింది. మన పరుపేమో 'పరచు'కి చుట్టం. వాళ్లు పడేశారు, మనం పరిచాం, రెండింట్లోనూ మెత్తదనం ఊసే లేదు. నమ్మకం కుదరకపోతే పరుపు బండని గుర్తుచేసుకోండి, నేల మీద పరుచుకున్న రాయికి ఆ పేరు.

ఈ సంగతి తెలిస్తే సాంకేతిక వాడుకలు తేలిగ్గా అర్థమవుతాయి. నది గట్టు కోసుకుపోకుండా కొమ్మల అల్లికనో, రాళ్లు నింపిన తీగవలలనో పరుస్తారు కదా, ఇంజనీర్లు దాన్నీ మ్యాట్రెస్ అనే అంటారు. అనువాదంలో ఉత్తి 'పరుపు' అని రాస్తే నవ్వుతారు, మొదటిసారి 'గట్టు మీద పరిచే రాళ్ల మ్యాట్రెస్' అని విప్పి చెప్పి తర్వాత మ్యాట్రెస్ అంటే చాలు. సర్జన్లు వేసే మ్యాట్రెస్ కుట్టు ఇంకోటి: దారం గాయం అవతలి అంచుకి వెళ్లి మళ్లీ ఇవతలికి తిరిగొస్తుంది, దాన్ని పరుపు కుట్టు అని మార్చకండి, ఎవరికీ తెలియదు. ఊలు అల్లేవాళ్లకి కూడా ఆ పేరుతో ఒక కుట్టుంది, రెండు ముక్కల్ని అతుకు కనబడకుండా కలపడానికి.

గాలి పరుపు, నీళ్ల పరుపు, స్ప్రింగ్ పరుపు, ఇవన్నీ హాయిగా తెలుగులోనే అనొచ్చు. పాత బట్టలు పొరలుగా పెట్టి కుట్టింది మాత్రం బొంత, పరుపు కాదు, దాన్ని కప్పుకోవచ్చు కూడా. పాన్పు, తల్పం, శయ్య కావ్యాలకి వదిలేయండి: శేషపాన్పు, హంసతూలికా తల్పం, అంపశయ్య. భీష్ముణ్ని అంపపరుపు మీద పడుకోబెడితే ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో చూడండి.

ఇంగ్లీషులో రాయాల్సి వస్తే టీ రెండు, చివర ఎస్ రెండు. తెలుగులో మ్యాట్రెస్, మేట్రెస్ రెండూ కనిపిస్తాయి, ఏదో ఒకటి పట్టుకుని చివరిదాకా అదే రాయండి.