స్పోర్ట్స్ బోటు అమ్మి పాత ఫ్లైబ్రిడ్జ్ క్రూయిజర్ కొనేముందు

8 మీటర్ల స్పోర్ట్స్ బోటు తూకం రెండున్నర, మూడు టన్నులు. రేవులో పక్క పడవ మీదికి జరుగుతుంటే ఒకరు చేత్తో నెట్టి ఆపేయగలరు. 12 మీటర్ల ఫ్లైబ్రిడ్జ్ క్రూయిజర్ (పైకప్పు మీద రెండో స్టీరింగ్, సీట్లు ఉండే పడవ) 10 నుంచి 12 టన్నులుంటుంది. దాన్ని అలాగే ఆపబోతే పడవకేమీ కాదు, మణికట్టు విరుగుతుంది. పెద్ద పడవంటే పాత పడవకే ఇంకో గది, ఇంకో అంతస్తు కలిపినట్టని చాలామంది అనుకుంటారు. కానీ అది ఏడాది పొడుగునా నీళ్లలోనే ఉంటుంది, గాలికి గోడలా అడ్డు నిలుస్తుంది, అందులో ఇంజిన్లు, గేర్‌బాక్సులు రెండేసి ఉంటాయి. కొనేముందు చూడాల్సినవీ అందుకే వేరు.

పడవలు చూడటానికి బయల్దేరేముందే మూడు కొలతలు రాసుకోండి. మొదటిది మొత్తం పొడవు. ప్రకటనలో 11.5 మీటర్లని ఉన్నా, వెనక స్నానపు పలక, ముందు లంగరు రోలరు కలిపితే 12.5 అవ్వచ్చు; రేవు అద్దె లెక్కకట్టేది చాలాచోట్ల ఆ మొత్తం పొడవుకే. రెండోది నీటి మట్టం నుంచి రాడార్ కమాను పైదాకా ఎత్తు. మీ దారిలో వంతెనలుంటే ఆటు సమయంలోనూ, పోటు సమయంలోనూ వాటి కింద ఎంత ఖాళీ ఉంటుందో చూడాలి. మూడోది తూకం: మీ దగ్గరున్న క్రేను నిండు ట్యాంకులతో ఈ పడవను ఎత్తగలదా?

ఇంధనం లెక్క కాగితం మీద వేసుకోవచ్చు. డీజిల్ ఇంజిన్ గంటకు ఒక్కో హార్స్‌పవర్‌కు దాదాపు పావు లీటరు తాగుతుంది. 300 హార్స్‌పవర్ ఇంజిన్లు రెండు, 70 శాతం బలంతో నడుస్తుంటే 420 హార్స్‌పవర్, అంటే గంటకు సుమారు 105 లీటర్లు. ఆ వేగం 20 నాట్లయితే (నాట్ అంటే గంటకు ఒక సముద్ర మైలు) ఒక్కో సముద్ర మైలుకు 5 లీటర్ల పైన. 1,000 లీటర్ల ట్యాంకులో మూడో వంతు అత్యవసరానికి వదిలేస్తే వెళ్లిరావడానికి మొత్తం 125 మైళ్లు మిగులుతాయి. 7, 8 నాట్లతో మెల్లగా వెళితే ఖర్చు సగం కంటే తగ్గుతుంది, కానీ అడ్డంగా అల తగిలితే ఫ్లైబ్రిడ్జ్ పడవ బాగా ఊగుతుంది. ఈ రెంటి మధ్య 10 నుంచి 14 నాట్ల దాకా, ముక్కు పైకెత్తి నీళ్లను తోసుకుంటూ పోయే వేగం ఉంది చూశారూ, అది అన్నిటికంటే దండగ.

ఇంజిన్ గది

సలూన్‌లో (లోపల కూర్చునే గదిలో) తోలు సోఫాలు, చెక్క పని ఆఖర్న చూడండి. ముందు ఇంజిన్ గది మూత ఎత్తండి, అది కూడా ఇంజిన్లు చల్లగా ఉన్నప్పుడే. మీరు వెళ్లేసరికి అమ్మేవారు ఇంజిన్లు వేడి చేసి ఉంచితే మర్యాదగా ఇంకో రోజు వస్తామని చెప్పి వెనక్కి రండి. చల్లని ఇంజిన్ స్టార్టయ్యే తీరులోనే దాని అసలు ఆరోగ్యం బయటపడుతుంది. మొదటి నిమిషం తెల్లటి పొగ సహజం. వేడెక్కాక కూడా తెల్లగానే వస్తుంటే కాలని డీజిలో, సిలిండర్లోకి నీళ్లో అనుమానించాలి. నీలం పొగంటే ఆయిల్ కాలుతోందని. నల్ల పొగంటే గాలి చాలడం లేదు, లేదా ఇంజిన్ మీద మోయలేని బరువు పడుతోంది.

ఆ బరువు సంగతి తేల్చేది సముద్రంలో పరీక్షే. ట్యాంకు సగం నిండుగా, నలుగురైదుగురు మనుషులతో, పూర్తి థ్రాటిల్ మీద రెండు మూడు నిమిషాలు నడిపి రెండు ఇంజిన్ల ఆర్‌పీఎం రాసుకోండి. తయారీదారు చెప్పింది 2,800 అయితే 2,800 అందుకోవాలి, కాస్త దాటినా మంచిదే. 2,600 దగ్గరే ఆగిపోతే పడవ అడుగున నాచు పట్టి ఉండాలి, ప్రొపెల్లర్ పిచ్ (రెక్కల వాలు) ఎక్కువై ఉండాలి, లేదా టర్బో, దాని గాలిని చల్లబరిచే ఆఫ్టర్‌కూలర్ మూసుకుపోయి ఉండాలి. అడుగు శుభ్రం చేశాక కూడా అంతే ఉంటే ఆ ఇంజిన్ ఇన్నాళ్లూ మోయలేని బరువు మోస్తూ బతికిందన్నమాట. వాల్వులకూ పిస్టన్లకూ ఆ వేడి తగిలే ఉంటుంది. ఒక ఇంజిన్ అందుకుని రెండోది అందుకోకపోతే లోపం ఆ ఇంజిన్‌లోనో దాని ప్రొపెల్లర్‌లోనో ఉన్నట్టు, అడుగులో కాదు.

గంటల మీటరు చూసి మోసపోవద్దు. 20 ఏళ్ల పడవ 400 గంటలే తిరిగిందంటే ఏడాదికి 20 గంటలు. మిగతా కాలమంతా ఉప్పునీరు కూలర్లలో నిలిచి ఉంది. ఏటా 100 గంటలు తిరిగి, రశీదులతో సర్వీసు చేయించుకున్న ఇంజినే నయం. ఎలక్ట్రానిక్ ఇంజిన్లయితే కంప్యూటర్‌లో గంటలు, అవి ఎంత బరువు మీద గడిచాయో నమోదై ఉంటాయి. మెకానిక్ చేత తీయించి మీటరుతో పోల్చండి. రెండు ఇంజిన్లు, రెండు గేర్‌బాక్సుల ఆయిల్ నమూనాలు ల్యాబ్‌కు పంపండి. ఎగ్జాస్ట్‌లో సముద్రపు నీరు కలిసే మోచేతి గొట్టం విప్పించి లోపల చూడండి. అది లోపలి నుంచే తుప్పుపట్టి పలచబడుతుంది, పైన రంగు మాత్రం కొత్తగా ఉంటుంది. అది చిల్లుపడితే నీళ్లు టర్బోలోకో సిలిండర్లోకో వెనక్కి రావచ్చు.

ఇంకో పరీక్షకు ఏ పనిముట్టూ అక్కర్లేదు. రెండు ఇంజిన్ల ఇంపెల్లర్ (చల్లబరిచే సముద్రపు నీటిని తోడే పంపులోని రబ్బరు చక్రం) మూతలనూ మీ చేత్తో తాకి చూడండి. ఇరుకు గదిలో ఒక ఇంజిన్ పంపు పడవ గోడవైపుకు ఉంటుంది. అక్కడికి చెయ్యి చేరకపోతే ఏటా మార్చాల్సిన ఆ ఇంపెల్లర్‌ను పాత యజమాని కూడా మార్చి ఉండడు.

నీటి కింద

స్పోర్ట్స్ బోటు ట్రైలర్ మీద ఆరేది. ఇది ఆరదు. కాబట్టి పడవను ఎత్తించి చూడకుండా డబ్బు కట్టకండి. స్టెర్న్‌డ్రైవ్ (పడవ వెనక బయట ఉండి, ప్రొపెల్లర్‌తో సహా పక్కలకు తిరిగే డ్రైవ్) ఉన్న చిన్న ఫ్లైబ్రిడ్జ్‌లలో రబ్బరు బెలోస్ (డ్రైవ్ లోపలికి వచ్చే చోట నీళ్లను ఆపే మడతల గొట్టం) చివరిసారి ఎప్పుడు మార్చారో రుజువు అడగండి. అది చిరిగితే నీళ్లు నేరుగా లోపలికే. షాఫ్ట్ పడవైతే (అడుగు నుంచి బయటికొచ్చే ఇరుసు చివర ప్రొపెల్లర్ ఉండేది) ప్రొపెల్లర్ పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. గలగలలాడితే షాఫ్ట్‌ను పట్టి ఉంచే కట్‌లెస్ బేరింగ్ అరిగింది. ప్రొపెల్లర్ అంచు గీకితే పసుపుకు బదులు గులాబి రంగు కనిపిస్తే లోహంలోని జింక్ కరిగిపోయిందని అర్థం. పడవ అడుగు కన్నాలకుండే సీకాక్‌లలోనూ (నీటి వాల్వులలోనూ) అదే ప్రమాదం. సీడబ్ల్యూ 617ఎన్ ముద్ర ఉంటే అది మామూలు ఇత్తడి. 602ఎన్ అయితే ఆ జబ్బును తట్టుకునే రకం. ప్రతి సీకాక్‌నూ తెరిచి మూసి చూడండి. బిగుసుకుపోయినదాన్ని బలవంతంగా తిప్పకండి, విరిగేది పడవ నీళ్లలో ఉన్నప్పుడైతే పెద్ద తలనొప్పి. ఆనోడ్లు (మిగతా లోహాన్ని కాపాడటానికి తామే కరిగే లోహపు ముక్కలు) సగం కరిగాయంటే మార్చాల్సిందే. అసలు కరగకుండా కొత్తవాటిలా ఉంటే మాత్రం సంతోషించకండి, తీగ సరిగ్గా కలవక అవి పని చేయడం లేదేమో చూడాలి.

పైనుంచి వచ్చే నీరూ తక్కువది కాదు. ఫ్లైబ్రిడ్జ్ మీద సీట్లకూ, రెయిలింగుకూ, అద్దానికీ కొట్టిన ప్రతి స్క్రూ ఒక కన్నమే. ఫైబర్ పొరల మధ్య బాల్సా అనే తేలిక చెక్క ఉంటే ఏళ్లతరబడి నీరు పీల్చి కుళ్లుతుంది. స్క్రూడ్రైవర్ ప్లాస్టిక్ పిడితో డెక్ అంతా తట్టుకుంటూ వెళ్లండి. టకటక శబ్దం మధ్యలో ఎక్కడైనా మొద్దుగా వినిపిస్తే అక్కడ గుర్తు పెట్టండి. కింద సలూన్ పైకప్పు గుడ్డమీద, అల్మరాల లోపల మరకలు వెతకండి. కొత్తగా మార్చిన గుడ్డ కనిపిస్తే ఎందుకు మార్చారని అడగండి.

కాగితాలు, సర్వేయర్

బేరం కుదిరినా ఒప్పందంలో "సర్వే, సముద్ర పరీక్షకు లోబడి" అని రాయించాకే అడ్వాన్సు ఇవ్వండి. సర్వేయర్‌ను మీరే ఎంచుకోండి, అమ్మేవారు సూచించినవారిని కాదు. హల్ (పడవ ఒళ్లు) చూసే సర్వేయర్ ఇంజిన్లను విప్పి చూడరు. దానికి వేరే మెకానిక్ కావాలి. హల్ మీద వెనక కుడివైపు చెక్కిన గుర్తింపు సంఖ్య పత్రాల్లోని సంఖ్యతో అక్షరం అక్షరం సరిపోవాలి. పడవ మీద అప్పు లేదని రాతపూర్వకంగా తీసుకోండి. సీఈ (యూరప్ ప్రమాణాల) గుర్తున్న పడవల ప్లేటు మీద తరగతి చూడండి: బి అంటే గాలి బలం కొలిచే బ్యూఫోర్ట్ స్కేలు మీద 8, 4 మీటర్ల అల వరకు, సి అంటే బ్యూఫోర్ట్ 6 గాలి, 2 మీటర్ల అల వరకు. ఎంతమంది ఎక్కవచ్చో కూడా అక్కడే ఉంటుంది. ఇన్సూరెన్స్ ధర ముందే కనుక్కోండి. పాత పడవకు సర్వే రిపోర్టు, ఇంత పెద్దది నడిపిన అనుభవం అడుగుతారు.

మొదటి నెలలో

ఎన్నాళ్లుగానో ఆగి ఉన్న ట్యాంకు అడుగున నీళ్లు, బ్యాక్టీరియా మడ్డి పేరుకుంటాయి. ప్రశాంతంగా ఉన్నంతకాలం ఏమీ తెలీదు. మొదటి పెద్ద అలకు అంతా కలిసిపోయి ఫిల్టర్లు మూసుకుపోతాయి, ఇంజిన్లు రెండూ ఒకేసారి ఆగవచ్చు. అందుకే ట్యాంకు అడుగు నుంచి నమూనా తీయించండి. ఒక్కో ఇంజిన్‌కు రెండేసి ఫిల్టర్లు అదనంగా పడవలో ఉంచుకోండి.

స్టెర్న్‌డ్రైవ్‌లో స్టీరింగ్ తిప్పినవైపుకే ప్రొపెల్లర్ తోసేది. షాఫ్ట్ పడవలో మెల్లగా ఉన్నప్పుడు చుక్కాని దాదాపు పనిచేయదు. చక్రాన్ని మధ్యలో ఉంచి వదిలేయండి. కుడి ఇంజిన్ ముందుకు, ఎడమది వెనక్కి వేస్తే ముక్కు ఎడమకు తిరుగుతుంది. థ్రాటిల్ ముట్టకండి, గేరు వేసి, రెండు సెకన్లు ఆగి, తీసేయండి. గాలి వేగం 10 నుంచి 20 నాట్లకు పెరిగితే దాని తోపు నాలుగింతలవుతుంది, నీటిలో లోతు తక్కువున్న ముక్కే ముందు కొట్టుకుపోతుంది. బో థ్రస్టర్ (ముక్కును పక్కకు తోసే చిన్న ప్రొపెల్లర్) మీద భారం వేయకండి. ఎలక్ట్రిక్ మోటారు రెండు మూడు నిమిషాలకే వేడెక్కి ఆగిపోతుంది, అదీ సరిగ్గా అవసరమైనప్పుడే. మూడు నాలుగు సెకన్ల చొప్పున వాడండి.

ఇదంతా మొదట ఖాళీ నీళ్లలో ఒక ఫెండర్‌ను (పడవ పక్కన వేలాడదీసే గాలి దిండును) లంగరు కట్టి తేలేసి, దాని పక్కకు వచ్చి ఆగడం నేర్చుకోండి, కింది స్టీరింగ్ నుంచీ, పైదాని నుంచీ. పైనుంచి పడవ వెనక మూల కనిపించదు, కాబట్టి వెనక నిలబడేవారు "ఒక మీటరు, అర మీటరు" అని దూరం చెప్పాలి, "పర్లేదు, రండి" అని కాదు.