పీహెచ్‌డీ నుంచి కేస్ ఇంటర్వ్యూకి: నాకు పనిచేసిన పద్ధతి

కన్సల్టింగ్ ఉద్యోగాలకి పెట్టే కేస్ ఇంటర్వ్యూకి, అంటే ఒక వ్యాపార సమస్య ఇచ్చి అక్కడికక్కడే పరిష్కరించమనే ఇంటర్వ్యూకి, ఎలా తయారయ్యానని చాలామంది అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా. "లాభం ఎందుకు తగ్గింది?" అని కేసు ఇస్తే, డేటా మొత్తం చూడందే నోరు విప్పలేకపోయేదాన్ని. ఫ్రేమ్‌వర్కులు (సమస్యని విడగొట్టే రెడీమేడ్ నమూనాలు) బట్టీ పట్టడం, వీడియోలు, ఒంటరిగా కేసులు చదవడం ఏవీ కలిసిరాలేదు.

నెల్లూరులో మా బాబాయి రొయ్యల చెరువునే కేసుగా తీసుకున్నాక దారి దొరికింది. ఆయన ఎదురుగా కూర్చుని ముందు ప్రశ్నను నా మాటల్లో తిరిగి చెప్పాను. తర్వాత కాగితం మీద ఆదాయం, ఖర్చు విడగొట్టాను: ఒకవైపు దిగుబడి, కౌంటును (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్ని) బట్టి ధర, ఇంకోవైపు మేత, సీడ్ (రొయ్య పిల్లలు), కరెంటు. అసలు మెట్టు ఇక్కడుంది. అంకెలు అడగకముందే ఊహ చెప్పెయ్యాలి. "మేత ఎక్కువ పడిందనుకుంటున్నా, నిజమైతే ఎఫ్‌సీఆర్, అంటే కిలో రొయ్యకి పట్టే మేత, పెరిగి ఉండాలి" అని చెప్పి, ఆ ఒక్క అంకె అడిగాను. 4 టన్నుల రొయ్యకి అది 1.3 నుంచి 1.6 అయితే 1.2 టన్నుల మేత అదనం. కిలో 90 రూపాయలనుకుంటే 1,08,000. ఈ లెక్కంతా పైకి చెబుతూనే చేశా. ఆఖర్న జవాబు ముందు, కారణం తర్వాత చెప్పా.

ఊహ తప్పితే, విడగొట్టిన వాటిలో పక్క కొమ్మకి వెళ్లడమే. థీసిస్‌లో అలా కుదరదు గనక అలవాటు కావడానికి టైం పట్టింది.

లాభాల కేసులకే ఇది నాకు గట్టిగా పనికొచ్చింది. కొత్త మార్కెట్‌లోకి వెళ్లాలా వద్దా అనే కేసుల్లో విడగొట్టే తీరు వేరు. నాది సైన్స్; చరిత్ర, సాహిత్యం వైపు నుంచి వచ్చేవాళ్లకి ఎంతవరకు సరిపోతుందో చెప్పలేను.