వానాకాలం గోల్ఫ్ కోర్సులో మొవర్ నడిపేవాళ్లకు, నడిపించేవాళ్లకు

పోయిన వారం నగర శివారులో ఒక గోల్ఫ్ కోర్సులో గడ్డి కోసే కుర్రాడికి కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. తడి గడ్డి మొవర్ (గడ్డి కోసే మిషన్) కింద ఇరుక్కుంటే ఇంజిన్ ఆపకుండా చెయ్యి పెట్టి లాగాడు. వార్త విన్నవాళ్లు "అంత తెలివి లేకపోతే ఎలా?" అంటున్నారు. తెలివి లేక కాదు. అలా లాగడం అతనికి అలవాటు. అంతకుముందు ఎన్నిసార్లు లాగినా ఏమీ కాలేదు కాబట్టే ఆ రోజూ లాగాడు.

బూట్లు వేసుకోండి, రెయిన్‌కోటు మర్చిపోకండి లాంటివి ఇక్కడ రాయను. ఈ పనిలో మనుషుల్ని పనికి రాకుండా చేసే తప్పు నేను ఎక్కువగా చూసింది ఒక్కటే: ఇంజిన్ నడుస్తుండగా చెయ్యి పెట్టడం.

మొవర్, తడి గడ్డి

బెర్ముడా గడ్డి మన గరిక జాతే. నాలుగు వానలు పడితే ఎగబడి పెరుగుతుంది. రెండు రోజులు కోత తప్పితే మూడో రోజు మొవర్ అడుగున ముద్దలా అంటుకుపోతుంది. పది నిమిషాలకోసారి ఆపి శుభ్రం చెయ్యాలి. వేడెక్కిన ఇంజిన్ తాడు లాగితే ఒక పట్టాన స్టార్ట్ కాదు. అటు ఆరు గంటలకు మొదటి ఆట, ఇటు సూపర్‌వైజర్ ఫోన్లు. కుర్రాడు ఇంజిన్ ఎందుకు ఆపడో అర్థం చేసుకోవడం కష్టమేం కాదు.

లెక్క మాత్రం ఇది. 21 అంగుళాల బ్లేడు నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే దాని కొస వేగం గంటకు సుమారు 300 కిలోమీటర్లు. అంటే సెకనుకు 50 చుట్లు. చెయ్యి వెనక్కి తీసుకునేంత టైమ్ ఎవరికీ ఉండదు.

పిడి దగ్గర పట్టుకునే లివర్ ఉంటుంది కదా, వదిలేస్తే బ్లేడు ఆగిపోయేది. అమెరికాలో ఇళ్లలో వాడే తోపుడు మొవర్లకు 1982 నుంచే రూలు ఉంది: ఆ లివర్ వదిలిన 3 సెకన్లలో బ్లేడు ఆగాలి. మన దగ్గర ఆ లివర్‌కే తీగ చుట్టి కట్టేస్తారు, చెయ్యి నొప్పి పుడుతోందని. కూర్చుని నడిపే మొవర్ అయితే మనిషి లేస్తే మిషన్ ఆపేసే సీటు కింది స్విచ్‌ని పని చెయ్యకుండా వైరుతో కలిపేస్తారు. షెడ్డులో అలాంటి మిషన్ ఒక్కటి ఉన్నా దాన్ని ఈ రోజే పక్కన పెట్టండి. తీగ తీశాకే బయటికి తియ్యండి.

గడ్డి ఇరుక్కుంటే ముందు ఇంజిన్ ఆపాలి. బ్లేడు పూర్తిగా ఆగేదాకా చూడాలి. స్పార్క్ ప్లగ్ వైరు పీకాలి. తర్వాత కర్రతో తియ్యాలి. వైరు పీకడం ఎందుకంటే, చేత్తో బ్లేడు తిప్పినప్పుడు ఇంజిన్ ఒక్కసారి అంటుకోవచ్చు.

గ్రీన్స్ మీద, అంటే హోల్ చుట్టూ బాగా పొట్టిగా కోసే గడ్డి మీద, వాడే రీల్ మొవర్‌తో ఇంకో చిక్కుంది. రీల్ అంటే బ్లేడ్లు చుట్టూ ఉండి డ్రమ్ములా తిరిగేది. పుల్ల ఇరుక్కుని రీల్ ఆగితే ఆ బిగువంతా రీల్‌లోనే ఉండిపోతుంది. ఇంజిన్ ఆపి ఉన్నా, పుల్ల ఊడి రాగానే రీల్ చటుక్కున తిరుగుతుంది. పెద్ద మిషన్లలో బ్లేడ్లు ఒకే బెల్టు మీద ఉంటాయి; ఒకటి తిప్పితే పక్కవీ తిరుగుతాయి. అందుకే ఇద్దరు కలిసి ఒకే మిషన్ అడుగున చేతులు పెట్టొద్దు. తిరిగే బ్లేడు దగ్గర గ్లోవ్స్ కాపాడవు, చేతిని ఇంకా లోపలికి లాగుతాయి. అన్నీ ఆగాక పదునైన అంచులు పట్టుకోవడానికే గ్లోవ్స్.

సూపర్‌వైజర్లకు ఒక మాట. వానల్లో కోత ఎత్తు పెంచండి. ఒక కోతలో గడ్డి ఎత్తులో మూడో వంతు కంటే ఎక్కువ తియ్యకండి. కోసేముందు గడ్డి మీద గొట్టం లాగించి మంచు, నీళ్లు దులపండి. అప్పుడు ఇరుక్కోవడమే తగ్గుతుంది. టైమ్ సరిపోకపోతే ఆట అరగంట ఆలస్యంగా మొదలవనివ్వండి, మెంబర్ల తిట్లు మీరు పడండి.

వాలు, చెరువు గట్టు

నాని ఉన్న గట్టు పైకి గట్టిగానే కనిపిస్తుంది, చక్రం ఎక్కితే జారుతుంది. గట్టు అంచు కూర్చుని నడిపే మిషన్‌తో కొయ్యొద్దు, నేల మీద నిలబడి చేతి మిషన్‌తో కొయ్యండి. కూర్చుని నడిపే మొవర్‌కి రోల్ బార్ (బోల్తా పడితే మనిషిని కాపాడే ఇనప కమ్మీ) నిలబెట్టి ఉంటే బెల్టు పెట్టుకోవాలి. బార్ మడిచి ఉంటే బెల్టు పెట్టుకోకూడదు, బోల్తా పడితే మిషన్ కిందే ఉండిపోతారు. ఈ తేడా చాలామందికి చెప్పేవాళ్లే లేరు.

పిడుగు

మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్ల కంటే తక్కువ ఉంటే పని ఆపి షెడ్డులోకి రండి. చివరి ఉరుము వినిపించాక 30 నిమిషాలు ఆగండి. 1991లో అమెరికాలోని హేజెల్‌టైన్ కోర్సులో యూఎస్ ఓపెన్ గోల్ఫ్ చూడటానికి వచ్చినవాళ్లు చెట్టు కింద చేరితే పిడుగు పడి ఒకరు చనిపోయారు. ఫోన్లలో పిడుగు హెచ్చరికలు ఇచ్చే దామిని యాప్ పెట్టుకోండి.

ఇక మిగతావి:

నీటి పైపుల వాల్వులు ఉండే నేలలోని వాల్వ్ బాక్స్ మూత చేత్తో ఎత్తొద్దు, కొక్కెంతో ఎత్తండి. వానకి పాములు చేరేది అక్కడే.

పొద్దున్నే హోల్‌లో చెయ్యి పెట్టొద్దు. తేళ్లుంటాయి.

పాము కరిస్తే కట్టు కట్టొద్దు, కొయ్యొద్దు. కదలనివ్వకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పంపు దగ్గర నీళ్లు నిలిస్తే ముందు కరెంటు మెయిన్ ఆపండి, తర్వాతే లోపలికి అడుగు.

స్ప్రేయర్ నాజిల్ నోటితో ఊదొద్దు.

వేడి ఇంజిన్‌లో పెట్రోలు పొయ్యొద్దు.

హైడ్రాలిక్ గొట్టం కారుతోందా అని వేలితో తడమొద్దు. అట్టముక్క అడ్డుపెట్టి చూడండి. నూనె సూదిలా చర్మంలోకి దిగుతుంది, పైకి చిన్న చుక్కే కనిపిస్తుంది, లోపల చెయ్యంతా పాడవుతుంది. నొప్పి లేకపోయినా ఆ గంటలోనే సర్జన్‌కి చూపించండి.

రీల్‌ని వెనక్కి తిప్పి పదును పెట్టేటప్పుడు పదును పేస్టు పొడుగు పిడి బ్రష్‌తోనే రాయండి.

కొత్త కుర్రాడికి మొదటి రోజే మిషన్ ఇవ్వొద్దు. ఇంజిన్ ఆపి, వైరు పీకి, కర్రతో తియ్యడం మీ ముందు చేసి చూపించాకే ఇవ్వండి.

"ఒక్కసారికి ఏం కాదులే" అన్న మనిషిని ఆ రోజు మిషన్ మీంచి దింపండి. సీనియర్ అయినా సరే.

ఇంజిన్ నడుస్తుంటే చెయ్యి పెట్టొద్దు. కాలితో కూడా తన్నొద్దు.

వేలు తెగితే తెగిన ముక్కను శుభ్రమైన తడి గుడ్డలో చుట్టి, కవర్లో పెట్టి, ఆ కవర్‌ని ఐసు మీద పెట్టండి. ముక్కకు ఐసు నేరుగా తగలకూడదు. మనిషినీ ముక్కనీ ఒకే బండిలో పంపండి. చేతి సర్జరీ చేసే ఆసుపత్రి నంబరు ఇప్పుడే కనుక్కుని షెడ్డు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయండి.