స్పీడ్ టెస్ట్‌లో వంద, వీడియోలో చక్రం

బెంగళూరు మారతహళ్లిలోని మా పీజీ హాస్టల్‌లో నెట్‌వర్క్ ఉద్యోగం చేసేది నేనొక్కణ్నే. ఆ పాపానికి రాత్రి తొమ్మిదయ్యేసరికి ఎవరో ఒకరు తలుపు కొడతారు: "అన్నా, వైఫై పోయింది." వైఫై ఎక్కడికీ పోదు. తిప్పి తిప్పి చూస్తే వచ్చే ఫిర్యాదులు నాలుగే.

స్పీడ్ 100 ఎంబీపీఎస్ చూపిస్తోంది, వీడియో మాత్రం మధ్యలో ఆగుతోంది

యూట్యూబ్ వీడియో మీద రైట్ క్లిక్ చేసి 'స్టాట్స్ ఫర్ నెర్డ్స్' తెరవండి. అందులో 'బఫర్ హెల్త్' (ముందే దిగి సిద్ధంగా ఉన్న వీడియో ఎన్ని సెకన్లో) అంకె మీద కన్నేసి ఉంచండి. మొన్న రెండో అంతస్తు తమ్ముడి ల్యాప్‌టాప్‌లో అది 20 సెకన్ల నుంచి 11కి, 4కి, సున్నాకి దిగింది. రౌటర్ పక్కకి తీసుకెళ్తే మళ్లీ 20 దాటింది. అంటే లైన్‌లో లోపం లేదు, గదికీ రౌటర్‌కీ మధ్య గాలిలోనే ప్యాకెట్లు (డేటా పొట్లాలు) పోతున్నాయి. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదాన్నొకటి తగలని ఛానెళ్లు మూడే. మా మెట్ల మీద నిలబడితే కనిపించే వైఫై పేర్లు ముప్పై పైనే.

ఒక్క ప్యాకెట్ పోతే ఇంత రభస ఎందుకంటే, ప్యాకెట్లని వరుస తప్పకుండా చేర్చే టీసీపీ అనే నియమావళి స్వభావమే అంత. పప్పు బకెట్ వచ్చేదాకా సాంబారు వడ్డించనని పంక్తి మధ్యలో భీష్మించుకునే రకం. వెనకాల ప్యాకెట్లన్నీ చేతికొచ్చినా, పోయింది మళ్లీ వచ్చేదాకా ప్లేయర్‌కి ఇవ్వదు. పైగా దారి రద్దీగా ఉందనుకుని పాత పద్ధతి టీసీపీ వేగం కూడా తగ్గించేస్తుంది. ఈ రెండో జబ్బుకి 2016లో గూగుల్ బీబీఆర్ అనే వేగ నియంత్రణ పద్ధతి తెచ్చింది, అయితే ఆ మందు సర్వర్ వేసుకోవాలి. మొదటిదానికి 2021లో ప్రమాణంగా వచ్చిన క్విక్ అనే నియమావళి ఉంది. ఇది వరుస పట్టించుకోని యూడీపీ మీద నడుస్తుంది, ఒక్కో స్ట్రీమ్‌కి (విడి డేటా ప్రవాహానికి) దాని వరుస దానిదే. ఒక స్ట్రీమ్‌లో ప్యాకెట్ పోతే పక్కది ఆగదు. పోయింది వీడియోదే అయితే మాత్రం ఎదురుచూపు తప్పదు, అదేం మంత్రదండం కాదు. మన చేతిలో ఉన్నది 5 గిగాహెర్ట్జ్‌కి మారడం, కుదిరితే కేబుల్ పెట్టుకోవడం.

ఇంట్లో బాగుంది, ఆఫీసులో నత్తనడక

అనుమానం ఫైర్‌వాల్ మీద, అంటే ఆఫీసు నెట్‌వర్క్‌కి కాపలా కాసేదాని మీద. బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, ప్రోటోకాల్ కాలమ్ చూడండి. హెచ్3 అని ఉంటే క్విక్, హెచ్2 అయితే టీసీపీ. క్విక్ వాడే యూడీపీ 443 పోర్టుని పూర్తిగా మూసేస్తే బ్రౌజర్ టీసీపీకి మారిపోతుంది, పెద్ద నష్టం లేదు. సగం తెరిచి, వేగం పీక నొక్కితేనే నరకం. క్రోమ్ ఫ్లాగ్స్‌లో క్విక్ ఆపి చూడండి. బాగుపడితే ఐటీ వాళ్లకి ఆ మాటే చెప్పండి: తెరిస్తే పూర్తిగా తెరవండి, లేదా మూసేయండి.

తమాషా ఏంటంటే, వీడియో, ఆడియో పంపే 1996 నాటి ఆర్‌టీపీ కూడా ఎక్కువగా యూడీపీ మీదే నడిచేది. ఫైర్‌వాల్స్ పోరు పడలేకే వీడియో, వెబ్ పేజీలు వచ్చే హెచ్‌టీటీపీ గుమ్మంలోంచి దూరింది. ఇప్పుడు క్విక్‌తో మళ్లీ యూడీపీ పుట్టింటికొచ్చింది.

గేటు దాటగానే ఆగుతోంది

వైఫై నుంచి మొబైల్ డేటాకి మారితే ఫోన్ ఐపీ అడ్రస్ మారుతుంది. టీసీపీకి అడ్రసే గుర్తు, అది మారితే కనెక్షన్ చచ్చినట్టే. క్విక్‌కి విడిగా కనెక్షన్ ఐడీ ఉంటుంది, కానీ దాన్ని యాప్, సర్వర్ రెండూ వాడుకోవాలి. మెట్లు దిగేముందే వైఫై ఆపేయండి.

పక్కింట్లో సిక్స్ అని అరిచారు, మనకింకా బౌలర్ పరుగెడుతున్నాడు

ఇది లోపం కాదు. 2009లో యాపిల్ తెచ్చిన హెచ్‌ఎల్‌ఎస్ అనే ప్రసార పద్ధతిలో వీడియోని ముక్కలుగా కోసి పంపుతారు. ముక్క 6 సెకన్లనుకుంటే, ప్లేయర్ మూడు ముక్కలు వెనకే మొదలుపెడుతుంది. అక్కడే 18 సెకన్లు. మధ్యలో ఆగి ఉంటే అదీ కలుస్తుంది, 'లైవ్' బటన్ నొక్కితే ఆ కలిసింది మాత్రం పోతుంది. ముక్కల్ని ఇంకా చిన్న తునకలు చేసి పంపే పద్ధతులు వచ్చాయి, పెట్టాల్సింది ప్రసారం చేసేవాళ్లే. ఫైనల్ రోజు మేమైతే ఫోన్లు జేబులో పెట్టుకుని కింద మెస్‌లో డీటీహెచ్ టీవీ ముందు కూర్చుంటాం.